పేచీ లేని చట్టం

కొండల్లోని కాచిమోకో ఊళ్ళో ఎనభై ఏళ్ళుగా ఎవరూ ఎవరిమీదా కేసు పెట్టలేదు. అదే తాము చేసిన తప్పని ఫబియాన్ రాజధానికి వెళ్ళి తెలుసుకొచ్చాడు.

బస్సు దిగి, ఇంటికైనా పోకుండా అతను తిన్నగా ఉప్పుమడుల్లోకి దిగొచ్చేసరికి మెల్చోరా మోకాళ్ళమీద కూచుని తన మడి అడుగును చెక్కపలకతో చరుస్తోంది. వానలు వెనకబట్టాక మొదటి పని అదే. మట్టిని కొట్టి కొట్టి, అరచేత్తో నిమిరి చూసి, ఎక్కడ మెత్తగా తగిలితే అక్కడ సన్నమన్ను చల్లి మళ్ళీ కొట్టాలి. అడుగు బిగిస్తేనే కొండ ఊటలోంచి వచ్చే ఉప్పునీళ్ళు నిలుస్తాయి. నిలిస్తేనే ఎండకి ఉప్పు కడుతుంది. అరవై రెండేళ్ళ మనిషి, నడుం ఎప్పుడో వంగిపోయింది. అయినా ఆ పలక దెబ్బ ఒక్కటీ వృథా పోదు.

పక్కమడిలో నికనోర్ మడవ దగ్గర రాళ్ళు సర్దుతున్నాడు. మెల్చోరా పెద్దకూతురికి జ్ఞానతండ్రి అతను. ఆ పిల్ల జ్ఞానస్నానం అయిన రోజునుంచీ ఆమె అతనికి కొమాద్రే, అతను ఆమెకి కొంపాద్రే. తోడబుట్టినవాళ్ళ మధ్య కూడా అంత మర్యాద ఉండదు.

"ఏవయిందిరా, పనయిందా?" అన్నాడు నికనోర్.

ఫబియాన్ గట్టుమీద కూలబడ్డాడు. ఊరి సంఘానికి కార్యదర్శి అతనే. ఊళ్ళో స్టాంపూ అతని దగ్గరే, పదిమంది తిట్లూ అతనికే. "ఎక్కడ మావా! మన చట్టం చచ్చిపోయిందట."

"ఎవడన్నాడా మాట?"

"శాసనసభ ఆఫీసులో. పాత చట్టాలన్నీ ఏరి ఒక్క దెబ్బకి రద్దు చేస్తున్నారు. రెండువేల ఎనిమిదొందలు! గుర్రబ్బళ్ళకి లాంతర్లుండాలని ఒకటి, ఎవరో కల్నల్ పెళ్ళానికి పింఛనిమ్మని ఒకటి, ఇప్పుడు పటంలోనే లేని దేశంతో తపాలా ఒప్పందం ఒకటి. వాటి మధ్యన మనది, ఏడువేల నూట పద్నాలుగు. ఈ కళ్ళతో చూశాను."

మెల్చోరా చేతిలో పలక ఆగిపోయింది. ఏడువేల నూట పద్నాలుగు అంటే ఆ ఊరికి అంకె కాదు, అన్నం. ఆ ఊటమీద పుట్టిన మడులు వాటిలో దిగి పనిచేసే కుటుంబాలవేనని, వాటిని ఎవరూ అమ్మరాదు, ఇవ్వరాదు, ప్రభుత్వమైనా వేలం వెయ్యరాదని తాతల నాడు రాసిచ్చిన చట్టం అది. అది పోతే లోయలోకి ఇప్పటికే రెండుసార్లు వచ్చివెళ్ళిన ఉప్పు కంపెనీ జీపు మూడోసారి తిరిగి వెళ్ళదు.

"ఏటా శిలువ పండక్కి మడవ తీసేముందు చదువుకుంటున్నాం గదరా! అక్షరం పొల్లుపోకుండా! అది చచ్చిందెట్లా?" అంది మెల్చోరా.

"అదే చెప్పానత్తా. ఆ కౌంటర్లో ఆవిడ మంచిదే పాపం, ఓపిగ్గా విన్నది. గట్టిగా చదివితే లెక్కలోకి రాదట. అరవై ఏళ్ళలో ఏ కోర్టయినా, ఏ ఆఫీసయినా ఆ నంబరు ఎత్తి తీర్పు రాసిందా అనడిగింది. లేదమ్మా అన్నాను. మీలో మీకు తగాదాలే రాలేదా అంది. ఎందుకొస్తాయమ్మా, చట్టం ఉందిగదా అన్నాను. తగాదాల్లేకపోతే ఇక చట్టంతో మీకేం పని బాబూ అంది."

మెల్చోరాకి కడుపు మండిపోయింది. దొంగతనం చేసినవాణ్ణి పట్టుకుంటారు, కొట్టుకున్నవాణ్ణి పట్టుకుంటారు. బుద్ధిగా ఉన్నవాణ్ణి పట్టుకుని, నువ్వు బుద్ధిగా ఉన్నావు కనక నీ కాగితం చింపేస్తాననేవాణ్ణి ఏమనాలి?

"గడువెంతుంది?" అన్నాడు నికనోర్.

"పన్నెండు రోజులు. ఆలోగా ఆ నంబరుతో ఒక్క తీర్పు నకలు చూపిస్తే జాబితాలోంచి తీసేస్తారట."

నికనోర్ చేతులకంటిన మన్ను దులుపుకుని నవ్వాడు. "ఇంతేనా? అయితే తగాదా పడదాం."

సాయంత్రం సంఘం ఇంట్లో అందరూ కూడారు. చిచా అనే మొక్కజొన్న కల్లు కుండ మధ్యలో పెట్టారుగానీ ఎవరికీ గొంతు దిగలేదు. తగాదా పడాలన్నమాట అందరికీ నచ్చింది. ఎవరు పడాలన్న దగ్గరే చిక్కొచ్చింది. ముద్దాయిగా ఉండమంటే మగాళ్ళు పైకప్పు చూశారు. ఫిర్యాదు చెయ్యమంటే ఆడాళ్ళు కొంగులు సర్దుకున్నారు. కోర్టు మెట్లెక్కిన కుటుంబమని రేపు పిల్లకి సంబంధం రాదని ఒకావిడ పైకే అనేసింది.

చివరికి నికనోరే లేచాడు. "నామీద వెయ్యండిరా. నా వయసుకి ఇక సంబంధాలు చూసేదేముంది? కొమాద్రే మడి నా పక్కదేగా. నా గాడిద ఆవిడ మడిలో పడి తొక్కిందని రాయండి."

"నీ గాడిదా?" అంది వెనకనుంచి హిలారియా. మెల్చోరాకి ఎగువమడి ఆవిడది. "ఆ బిషపు దొరా? నాలుగు తగిలిస్తేగాని వాకిలి దాటదే అది! తొక్కడానికి ఎవరు మోసుకొచ్చారని అడుగుతాడు జడ్జి."

ఇల్లంతా నవ్వింది. ఆ గాడిద పేరు నిజంగానే బిషప్. గంభీరంగా నిలబడి ఏ పనీ చెయ్యదని నికనోరే పెట్టాడు.

"ఏం కొమాద్రే, సరేనా? నన్ను తిట్టడం నీకేం కొత్త కాదుగా," అన్నాడతను.

"తిట్టడానికి కోర్టు దాకా ఎందుకు, ఇక్కడే తిడతాను," అంది మెల్చోరా. మళ్ళీ నవ్వారు. ఫబియాన్ కాగితం రాశాడు, ఆమె సంతకం చేసింది. అప్పుడుగానీ చిచా కుండ కదల్లేదు.

మూడోరోజు పొద్దున ముగ్గురూ కొండ దిగి తాలూకా ఊరికి నడిచారు. ఆ రోజు బస్సు లేదు, నాలుగు గంటల దారి. నికనోర్ ముందు నడుస్తూ, వాగు దాటేచోట ఆగి ఆమెకి చెయ్యందించాడు, ఎప్పుడూ అందించినట్టే. దారిపొడుగునా మెల్చోరా తన పాఠం వల్లించుకుంది. మంగళవారం పొద్దున, గాడిద, తూర్పుమూల, అడుగు చెడిపోయింది. వినడానికి బాగానే ఉంది. కానీ తూర్పుమూల అనుకున్నప్పుడల్లా గట్టు కళ్ళముందుకొచ్చేది, గట్టు రాగానే పాఠం తప్పిపోయేది. ఆమె మళ్ళీ మొదటినుంచి అందుకునేది.

జడ్జి దోన్ ఎవరిస్తో రిటైరయిన బడిపంతులు. ఓట్లేసి పెట్టుకున్న చిన్న జడ్జి, చిన్న గది, చిన్న బల్ల. బల్లమీద ప్రమాణాలకి ఒక శిలువ. అర్జీ చదివి కళ్ళజోడు మీదుగా చూశాడు.

"కాచిమోకో వాళ్ళా? ఇన్నేళ్ళలో మీ ఊరి మొహమే చూళ్ళేదు నేను. మహా అదృష్టం." శిలువని పక్కకి జరిపాడు. "మీవాళ్ళు దీనిమీద ప్రమాణం చెయ్యరనీ, చేస్తే నమ్మొద్దనీ మా నాన్న చెప్పేవాడు. మీ పద్ధతిలోనే కానివ్వండి."

ఫబియాన్ మొహం వాడిపోయింది. అర్జీ, స్టాంపు, నకళ్ళు, అన్నీ ఆలోచించిన పెద్దమనిషి ఈ ఒక్కటే మరిచాడు. ఉప్పువాళ్ళ ప్రమాణం ఉప్పుతోనే. తన మడి ఉప్పు పలుకు నాలుకమీద వేసుకుని, అది కరిగేలోగా చెప్పాల్సింది చెప్పాలి. ఉప్పు నోట్లో పెట్టుకుని అబద్ధమాడినవాళ్ళ మడి గుడ్డిదైపోతుందని, మళ్ళీ గింజ కట్టదని వాళ్ళ నమ్మకం. నమ్మకం అనడం కూడా తప్పే. నీళ్ళు పల్లానికి పోతాయనడాన్ని ఎవరూ నమ్మకం అనరు.

మెల్చోరా కొంగుముడి విప్పి పలుకు తీసి నాలుకమీద వేసుకుంది.

"చెప్పమ్మా. ఇతను నీకు చేసిన అన్యాయం ఏవిటి?"

గాడిద అందామని నోరు తెరిచింది. మాట రాలేదు. జడ్జి ఆగాడు. నికనోర్ వెనకనుంచి చిన్నగా, "బిషప్పు, కొమాద్రే," అని అందించాడు. ఉప్పు కరిగిపోతోంది. అన్యాయమేదీ లేదంటే అదీ అబద్ధమే. ఆ సంగతి ఆమెకి ఇన్నేళ్ళూ తెలుసు గానీ, ఎవరూ ఇలా ఎదురుగా కూచుని అడగలేదు.

"మా ఆయన పోయిన ఏడు వరదొచ్చి గట్టు కొట్టుకుపోయింది," అంది మెల్చోరా. "నేను మైలలో ఉన్నాను, మడికి దిగలేదు. ఈయనే గట్టు కట్టాడు. రెండు జానలు నా వైపుకి కట్టాడు. పందొమ్మిదేళ్ళయింది."

జడ్జి రాసుకున్నాడు. ఫబియాన్ ఆమె మొహంలోకీ నికనోర్ మొహంలోకీ మార్చి మార్చి చూస్తున్నాడు, తను రాసిన అర్జీలో ఆ ముక్కే లేదు.

"నువ్వేమంటావు?" అన్నాడు జడ్జి.

నికనోర్ టోపీ తీసి చంకన పెట్టుకున్నాడు. జేబులోంచి తన ఉప్పు తీశాడు. వేసుకోకుండా నవ్వేసి ఉంటే సరిపోయేది. వేసుకున్నాడు. చాలాసేపు గోడవైపు చూశాడు. ఏటా శిలువ పండగనాడు చట్టం చదువుతుంటే, ఆరో అధికరణం వచ్చేసరికి ఈ మనిషికి దగ్గు తెర ఎందుకొస్తుందో ఊళ్ళో ఒక్క మెల్చోరాకే తెలుసు.

"నిజమే," అన్నాడు.

జడ్జి ఫబియాన్ తెచ్చిన చట్టం ప్రతి తిరగేసి ఆరో అధికరణం పైకి చదివాడు. "మడిగట్టును జరిపినవాని, లేక పరుల నీటివంతును మళ్ళించినవాని మడి, అందువలన నష్టపోయినవారికి చెందును. అట్టివానికి ఆ ఊటయందు హక్కు ఉండదు."

"అయ్యా, అయ్యా," ఫబియాన్ బల్లమీద పడ్డాడు. "రాజీ చేసుకుంటాం. గట్టు వెనక్కి జరుపుతాడు, అయిపోయె. పెద్దవాళ్ళిద్దరూ, జ్ఞానబంధువులు..."

"రాజీ అంటే రాజీ అని రాస్తాను. దానికి చట్టం నంబరక్కర్లేదు. తీర్పయితేనే నంబరు." జడ్జి కలం ఎత్తి పట్టుకున్నాడు. "మీ ఊరికి ఏది కావాలో మీరే చెప్పండి."

మెల్చోరా, "రాజీ," అంది వెంటనే. "రాజీ రాయండి బాబూ. నేను వెనక్కి తీసుకుంటున్నాను."

"నంబరు రాయండి," అన్నాడు నికనోర్. ఆమె వైపు చూడలేదు. "వచ్చింది దానికేగా."

తీర్పు రాసి, నకలు తీసి, స్టాంపు కొట్టేసరికి మధ్యాహ్నమైంది. ఫబియాన్ దాన్ని అట్టల మధ్య పెట్టుకుని రాజధాని బస్సెక్కాడు. వీళ్ళిద్దరూ మిగిలారు. బజారు చివర ఉడికించిన మొక్కజొన్న అమ్మేదాని దగ్గర నికనోర్ ఒక పొట్లమే కొన్నాడు. ఎప్పుడూ రెండు కొనేవాడు.

ఊరు దాటేదాకా ఓర్చుకుని అప్పుడన్నాడు. "నీ మొగుడి శవపెట్టె నా భుజంమీద మోశాను. నీ పిల్లలు రెండేళ్ళు నా ఇంట్లో తిన్నారు, నువ్వూ తిన్నావు. ఆ తిన్న ఒక్కరోజైనా ఆ రెండు జానలూ గుర్తు రాలేదా నీకు?"

"రోజూ గుర్తొచ్చేవి," అంది మెల్చోరా. "నోరు మూసుకున్నాను కనకే తినగలిగాను."

అతను ఆగిపోయాడు. "మూసుకున్నదానివి మూసుకునే ఉండలేకపోయావా?"

"ఉప్పుంది కొంపాద్రే నోట్లో."

"కొంపాద్రే అనకు," అన్నాడతను. "దోన్ నికనోర్ అను, పరాయి పెద్దమనిషిని పిలిచినట్టు. కోర్టు కాగితంలో అలాగే ఉంది." వాగు దగ్గర ఆగకుండా దాటిపోయాడు. మెల్చోరా లంగా మోకాళ్ళపైకి పట్టుకుని ఒక్కతే రాయీ రాయీ తడుముకుంటూ దాటింది.

తొమ్మిదోరోజున ఫబియాన్ ఫోన్ చేశాడు. నకలు తీసుకున్నారు, ముద్రలు చూశారు, నంబరు చూశారు, జాబితాలోంచి కొట్టేశారు. రెండువేల ఏడువందల తొంభైతొమ్మిది చట్టాలు చచ్చాయి, ఒక్కటి బతికింది. వచ్చిన వాళ్ళలో తీర్పు తెచ్చి చూపించిన ఊరు మనదొక్కటేనని కౌంటర్లో ఆవిడ లేచి చెయ్యి కలిపిందట. ఊళ్ళో డప్పులు మోగాయి, పంది కోశారు. మెల్చోరాకి మొదటి పళ్ళెం తెచ్చిచ్చారు. నికనోర్ ఇంటి తలుపు తియ్యలేదు. అతన్ని పిలుద్దామని వెళ్ళినవాళ్ళకి అతని భార్య తియోఫిలా లోపల్నుంచే సమాధానం చెప్పింది: "ఊట దగ్గర హక్కులేని మనిషికి పండగెందుకు, మీరు తినండి."

మెల్చోరా పళ్ళెం కిందపెట్టి లేచింది. "ఆ మడి నాకొద్దు. ఇప్పుడే, ఈ పదిమంది ముందే ఆయనకిచ్చేస్తున్నాను. రాసుకోరా ఫబియాన్."

ఆ సాయంత్రమే బస్సు దిగిన ఫబియాన్ తల గోక్కున్నాడు. "ఎట్లా ఇస్తావత్తా? మూడో అధికరణం. మడి అమ్మరాదు, ఇవ్వరాదు."

"ఆయన మడి ఆయనకేరా ఇచ్చేది!"

"తీర్పు ప్రకారం నీ మడి. నువ్వు ఆయనకిస్తే రేపు ఇంకోడు కంపెనీకిస్తాడు, మెల్చోరా ఇవ్వగా లేనిది నేనిస్తే తప్పా అంటాడు. ఇంత యాతన పడి నిలబెట్టుకుంది ఆ ముక్క కోసమేగా."

ఎవరూ కాదనలేదు. చిన్నపిల్లలకి కూడా కంఠతా వచ్చిన ముక్క అది. మెల్చోరా ఒక్కొక్క మొహమూ వెతికింది. పెళ్ళిళ్ళకీ చావులకీ నికనోర్ చేత పని చేయించుకున్న మొహాలే అన్నీ. తప్పంతా ఆ ఇద్దరిదే అన్నట్టు, పోన్లెద్దూ అన్నట్టు చూశారు. ఇప్పుడు ఊరు బతికింది గదా.

నికనోర్ గాడిదని తోలుకుని తాలూకా ఊరికి దిగిపోయాడు, అక్కడ సిమెంటు బస్తాలు మొయ్యడానికి. అరవై ఏడేళ్ళవాడు. పోయేముందు మడి మడవ శుభ్రంగా మూసి, పలకా పారా కడిగి గట్టుమీద బోర్లించి పోయాడు. వాటిని వాడాలో వద్దో తెలీక మెల్చోరా రెండురోజులు తన పలకతోనే రెండు మడులూ చరిచింది. అతని మడి అడుగు ఎంత బాగా బిగిసుందో చెయ్యిపెట్టగానే తెలిసింది. ఆ మనిషి పని అలాంటిది. మూడోరోజు ఆమె గడ్డపార తెచ్చి, ఇక ఎవరి మధ్యా లేని ఆ గట్టుని తవ్వడం మొదలుపెట్టి, నాలుగు పోట్లకే కూచుని ఏడ్చింది.

ఆ తరవాతివారం ఫబియాన్ ఇంటింటికీ తిరిగాడు. కౌంటర్లో ఆవిడ సొంత తమ్ముడికి చెప్పినట్టు చెప్పిందట: ఒక్క తీర్పయితే పదేళ్ళకి మళ్ళీ జాబితా వేసినప్పుడు మళ్ళీ అడుగుతారు, ఇంకో నాలుగుంటే ఎప్పటికీ ఢోకా లేదు అని. అతను నాలుగడిగితే పదకొండొచ్చాయి. బలవంతపెట్టాల్సిన పనే లేకపోయింది. ఎవరికి వాళ్ళే కొంగుముళ్ళు సరిచూసుకుంటూ వచ్చారు. ఇరవై రెండేళ్ళ కిందటి రాయి, పదిహేనేళ్ళ కిందటి కాలువ, చనిపోయిన అత్తగారు మింగిన మూడు బస్తాలు. అన్నదమ్ములిద్దరు ఒకరిమీద ఒకరు ఒకేరోజు ఇచ్చుకున్నారు. దోన్ ఎవరిస్తోకి అంతమంది కొండ దిగడం ఎందుకనిపించి, తనే గురువారం గురువారం బల్ల మోయించుకుని పైకి రావడం మొదలుపెట్టాడు. మడుల్లో జనం పక్కవాడి గట్టుమీద అడుగుపెట్టడం మానేసి చుట్టూ తిరిగి పోతున్నారు.

బుధవారం పొద్దున మెల్చోరా మడిలో ఉండగా హిలారియా వచ్చింది, వెనకాల ఫబియాన్. హిలారియా చేతిలో కాగితం.

"ఏవనుకోకు మెల్చోరా," అంది, ఎటో చూస్తూ. "చట్టం కోసమే."

మెల్చోరా చేతులు తుడుచుకుని తీసుకుంది. నెమ్మదిగా చదివింది, ఆమెకి చదువంటే నెమ్మదే. హిలారియాకి రెండోకాన్పు కష్టమై మంచంపట్టిన వారం, ఆమె నీటివంతు మూడు పూటలు మెల్చోరా తన మడికి తిప్పుకుందని ఉంది. తేదీలతో సహా ఉంది. ఆ కాన్పులో బిడ్డ దక్కలేదు. ఊరంతా ఆ ఇంట్లోనే ఉందని, మడుల్లో ఎవరూ లేరని మెల్చోరా అప్పుడు అనుకుంది.

"నిజమేనా?" అంది హిలారియా. ఇప్పుడు సూటిగా చూస్తోంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ ప్రశ్న పట్టుకుని ఈమె పక్కనే పలక చరుస్తూ పాడుకుంటూ ఉందన్నమాట ఈ మనిషి.

"నిజమే."

హిలారియా తల ఊపింది. ఏదో బరువు దిగినట్టు ముక్కు చీదుకుని, గట్టు తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది.

మెల్చోరా మోకాలిమీద కాగితం పెట్టి, అందినట్టుగా సంతకం చేసింది. ఫబియాన్ దానిమీద ఉఫ్ ఉఫ్ అని ఊది, సిరా ఆరాక అట్టల మధ్య పెట్టుకున్నాడు.

"దీంతో పన్నెండు. ఇక మన చట్టానికి చావులేదత్తా!" అన్నాడు సంతోషంగా.

"చట్టానికి లేదులేరా," అంది మెల్చోరా. "గురువారం ఎన్నింటికి రమ్మన్నాడు?"